వంకర ఇంటి సంవాదం

'పబ్లిక్ హౌస్' అన్న మాట జనం నోట నలిగి 'పబ్' అయింది. ఇంటి ముందుగదిని సర్కారు లైసెన్సుతో ఊరందరికీ తెరిచిపెట్టి, అక్కడ బీరు పోసి అమ్మే చోటు అన్నది దాని తొలి అర్థం. హైదరాబాదులో అదే పేరుతో నడిచే, చెవులు హోరెత్తించే సంగీతశాలను మనసులో పెట్టుకుని చదివితే ఈ చర్చ ఎక్కడా పొసగదు. ఇంగ్లండు పల్లెపట్టున పబ్ అంటే కల్లు దుకాణం, పూటకూళ్ల ఇల్లు, రచ్చబండ మూడూ ఒకే కప్పు కింద చేరినట్టుండే స్థలం. పొలం బేరాలూ, పెళ్లి మాటలూ, చావు కబుర్లూ అక్కడికే వచ్చి చేరేవి. దాన్ని నడిపే వ్యక్తిని అక్కడ 'ల్యాండ్‌లార్డ్' అంటారు గాని, చాలాచోట్ల ఆయన భూస్వామీ కాడు, ఇంటి యజమానీ కాడు; బీరు తయారుచేసే కంపెనీకి అద్దె కట్టుకునే కౌలుదారు.

ఈ సంవాదానికి ఆధారం స్టాఫర్డ్‌షైర్ దక్షిణాన, డడ్లీ పట్టణానికి చేరువగా, హిమ్లీ గ్రామం పక్కన ఒక సన్నని దారి చివర ఉండిన 'క్రూకెడ్ హౌస్', అంటే వంకర ఇల్లు. 1765లో రైతు ఇల్లుగా కట్టిన ఆ ఇటుకల భవనం 1830 ప్రాంతంలో పబ్‌గా మారి, చుట్టుపక్కల సాగిన బొగ్గు తవ్వకాల వల్ల కింది నేల కుంగడంతో ఒక పక్కకు ఒరిగి, ఆ ఒరుగుతోనే తరతరాలకు బీరు పోసి, 2023 జూలైలో చేతులు మారింది. ఆగస్టు 5 రాత్రి అందులో మంటలు లేచాయి. 7వ తేదీన యంత్రాలు వచ్చి మిగిలిన గోడలను నేలమట్టం చేశాయి. భవనాన్ని మూడేళ్లలోగా పూర్వరూపంలో తిరిగి కట్టాలని సౌత్ స్టాఫర్డ్‌షైర్ కౌన్సిల్ 2024 ఫిబ్రవరిలో నోటీసు ఇవ్వగా, యజమానులు దానిపై అప్పీలు చేశారు. నిప్పు ఎలా పుట్టిందన్నది పోలీసులు తేల్చవలసిన సంగతి, నోటీసు చెల్లుతుందా అన్నది అప్పీలు వినేవారు తేల్చవలసిన సంగతి. ఆ రెండూ పక్కన పెట్టినా, నోటీసు తిరిగి కట్టమంటున్నది దేనిని అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ ప్రశ్న మీద ఇక్కడ తలపడుతున్నవారు ఇద్దరు: కట్టడాల చరిత్ర బోధించే అధ్యాపకురాలు ఒకరు, ఆర్థికశాస్త్రం బోధించే అధ్యాపకుడు ఒకరు. పాత శాస్త్రగ్రంథాలలో పూర్వపక్షం ఎవరిదో, సిద్ధాంతం ఎవరిదో మొదటి పుటలోనే తేలిపోతుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

ఆర్థికవేత్త: అమ్మా, ముందు తేదీల వరుస సరిచూడాలి. ఈ పబ్‌ను దశాబ్దాలుగా చేతిలో ఉంచుకున్న మార్‌స్టన్స్ కంపెనీ 2023 మొదట్లోనే దాన్ని అమ్మకానికి పెట్టింది, జూలైలో అమ్మేసింది. మంటలు లేచిన రాత్రికి ఆ తలుపులు మూసే ఉన్నాయి, కౌంటరు వెనక బీరు పోసే మనిషి లేడు. కాబట్టి పబ్ కాలిపోయిందనడం మాటవరసకే. కాలింది ఒకప్పుడు పబ్‌గా నడిచిన ఖాళీ ఇల్లు. లైసెన్సు, కౌలు ఒప్పందం, వారం వారం దిగే పీపాలు, వాటిని ఖాళీ చేసే మనుషులు, ఇవన్నీ కలిస్తే పబ్. వీటిలో ఏ ఒక్కటీ నోటీసుతో పుట్టదు. గోడలు లేపించే అధికారం కౌన్సిల్‌కు ఉండవచ్చు గాని, మంగళవారం సాయంత్రం వానలో ఆ దారి చివరిదాకా వచ్చి ఒక పైంట్, అంటే అర లీటరుకు కాస్త పైన, తాగి వెళ్లే మనిషిని ఏ చట్టం తెచ్చి కూర్చోబెడుతుంది?

చరిత్రకారిణి: మీ నిర్వచనం ప్రకారమైతే తాళం వేసినవాడే మరణ ధ్రువపత్రం కూడా రాసి ఇచ్చుకోవచ్చు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గోడలలో ఏముండేదో చూడాలి. డడ్లీ పరిసరాలకు 'బ్లాక్ కంట్రీ' అని పేరు. బొగ్గూ, ఇనుమూ, కొలిమి పొగా కలిసి నల్లబరిచిన సీమ గనుక ఆ పేరు వచ్చిందని సాధారణంగా చెబుతారు. అక్కడి నేల అడుగున 'థిక్ కోల్' అనే బొగ్గు పొర ఉంది. మనిషి నిలువెత్తున పొర దొరికితేనే గనివాళ్లు అదృష్టమనుకునే కాలంలో ఇది ముప్పై అడుగుల మందాన, చాలాచోట్ల పెద్దగా లోతుకు పోకుండానే దొరికేది. అంత మందపు పొరను తోడేటప్పుడు పైకప్పు కూలకుండా మధ్యమధ్య బొగ్గునే స్తంభాలుగా వదిలేవారు. తర్వాత వచ్చినవారు ఆ స్తంభాలనూ చెక్కుకుపోయేవారు. ఆపైన ఏళ్ల తరబడి నేల మెల్లగా దిగుతూ, తన మీద ఉన్న ఇంటిని, చర్చిని, కాలువ గట్టును తనతోపాటే దించుకుపోయేది. ఈ ఇంట్లో ఒక కొస రెండో కొసకంటే సుమారు నాలుగడుగులు కిందికి పోయింది. గని పటాలూ కూలి లెక్కలూ దస్తావేజుల గదుల్లో దొరుకుతాయి. తవ్వకం తన నెత్తిమీది బతుకును ఏం చేసిందో మనిషి పాదాలకు తెలిసేలా చెప్పే సాక్ష్యం మాత్రం అరుదు. ఆ గుమ్మం దాటి ఒక్క అడుగు వేస్తే చాలు, ఒంట్లో తూకం తప్పేది.

ఆ ఇంటి ప్రసిద్ధికి మూలమైన వింతను ఇక్కడ వివరించవలసి ఉంది. లోపల కిటికీ అరుగు మీద గోళీ పెడితే అది పల్లానికి బదులు ఎత్తుకు దొర్లిపోతున్నట్టు కనిపించేది. పర్యాటకులు జేబులో గోళీ వేసుకుని వచ్చేవారు. గోళీ ఎక్కడైనా పల్లానికే దొర్లుతుంది. అయితే గోడలు, నేల, తలుపు చట్రాలు, కిటికీలు అన్నీ ఇంచుమించు ఒకే దిక్కుకు ఒరిగిన గదిలో నిలబడినవారి కన్ను ఆ ఒరిగిన గీతలనే నిలువు అనీ అడ్డం అనీ నమ్మి, వాటితోనే మిగతావన్నీ కొలుస్తుంది. ఆ తప్పుడు కొలతలో అసలు పల్లం మెరకలా తోస్తుంది. అటువంటి గదిలో దారానికి కట్టి వేలాడదీసిన గుండు ఒక్కటే నిజం చెబుతుంది గాని, చూసేవారికి వంకరగా కనిపించేదీ అదే. గురుత్వాకర్షణ పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు. రెండో గ్లాసు తర్వాత పాఠం కొంత గజిబిజి అయ్యేదేమో, అది వేరే విషయం.

ఆర్థికవేత్త: ఆ గోళీ సాక్ష్యం మీకు ఎదురు తిరుగుతుంది. 1940లలో ఈ భవనం ప్రమాదకరమని తేలి, కూల్చివేతకు సిద్ధమైంది. అప్పుడు వుల్వర్‌హాంప్టన్ అండ్ డడ్లీ బ్రూవరీస్ అనే బీరు కంపెనీ దాన్ని కొని, గోడలకు బయట నుంచి ఆనించే ఊతగోడలూ లోపల ఇనుప దూలాలూ పెట్టి, ఒరుగును ఒరుగుగానే బిగించింది. గని తెచ్చిన వంకర అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత ఎనభై ఏళ్లు నిలిచింది కంపెనీ డబ్బు పెట్టి నిలిపిన వంకర. సరిచేసి నిటారుగా నిలిపితే ఆ ఇల్లు నూరింటిలో ఒకటయ్యేది, ఎవరూ గోళీలు పట్టుకుని వచ్చేవారు కాదు. మీరు సాక్ష్యం అంటున్నది వ్యాపారి భాషలో చెప్పాలంటే ప్రకటన బోర్డు.

చరిత్రకారిణి: బోర్డు మీద రాతకూ చరిత్ర ఉంటుంది. పైగా మీరు చెప్పిన కథ ఈ పక్షానికే పనికొస్తుంది: కూల్చక తప్పదని ఒకసారి అధికారులు తీర్మానించిన ఇంటిని, అప్పటి ఇంజనీర్లు ఇనుముతో పట్టి ఆపి, ఆ తర్వాత మూడు తరాలకు అందించారు. 1940ల ఇనుము ఆ ఇంటి చరిత్రలో భాగమైనప్పుడు, ఇప్పుడు పేర్చే ఇటుక ఎందుకు కాకూడదు? వంకర కంపెనీ కనిపెట్టిన సరుకనే మాట కూడా నిలవదు. ఆ సీమ యాసలో 'సైడెన్' అంటే వంకర. బీరు కంపెనీ రాకకు ఎంతో ముందే జనం దాన్ని 'సైడెన్ హౌస్' అని పిలుచుకున్నారు. ఆనక స్థానిక భూస్వామి సర్ స్టీఫెన్ గ్లిన్ పేరు మీద 'గ్లిన్ ఆర్మ్స్' అయింది. భూస్వాముల వంశచిహ్నాన్ని పబ్ బోర్డు మీద వేసి 'ఆర్మ్స్' అని పిలవడం ఇంగ్లండులో పాత అలవాటు. దొర పేరు బోర్డు మీద ఉంది. జనం నోట వంకరే ఉంది. చివరికి బోర్డే జనానికి లొంగింది.

ఆర్థికవేత్త: గ్లిన్ పేరు మీరే ఎత్తారు గనుక దాని కొస పట్టుకోక తప్పదు. ఆ స్టీఫెన్ గ్లిన్ చెల్లెలు కేథరీన్‌ను 1839లో పెళ్లాడినవాడు విలియం గ్లాడ్‌స్టన్, తర్వాత నాలుగుసార్లు ప్రధానమంత్రి అయిన మనిషి. డడ్లీ దగ్గరి ఓక్ ఫార్మ్ ఇనుప కార్ఖానా 1847లో దివాలా తీసి గ్లిన్ కుటుంబాన్ని ముంచితే, ఏళ్ల తరబడి ఆ అప్పులు చక్కబెట్టినవాడూ ఆయనే. ఆ గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా 1860-61లో తెచ్చిన మార్పులతో మామూలు దుకాణాలవాళ్లు కూడా లైసెన్సు కట్టి సీసాల్లో వైన్ అమ్ముకునే వీలు కలిగింది. 1880లో ఆయనే మాల్టు మీద పన్ను, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మీద పన్ను, ఎత్తివేసి తయారైన బీరు మీద సుంకం పెట్టాడు. పబ్‌లు ఎందుకు మూతపడుతున్నాయని నేడు ఏ ల్యాండ్‌లార్డ్‌ను అడిగినా రెండు కారణాలు ముందు చెబుతాడు: సూపర్‌మార్కెట్‌లో చవకగా దొరికే సీసా ఒకటి, బీరు సుంకం రెండోది. రెండింటి మూలపురుషుడూ ఆ బోర్డు మీది దొరగారి బావమరిదే.

ఈ బంధుత్వం వాదానికి బలం ఇవ్వదు గాని రుచి ఇస్తుంది. ఒక పబ్ బతుకు దాని నాలుగు గోడల మధ్య తేలదు, ఎక్కడో పార్లమెంటులో సాగే పన్నుల చర్చలో తేలుతుందని అది గుర్తుచేస్తుంది. నిజానికి ఆ పబ్ పుట్టుక కూడా అటువంటి కాలంలోనే. 1830 నాటి బీర్‌హౌస్ చట్టం, పన్ను చెల్లించే ఏ గృహస్థైనా రెండు గినీల రుసుముతో, స్థానిక న్యాయాధికారుల ఎదుట చేతులు కట్టుకోకుండా, తన ఇంట్లో బీరు అమ్ముకోవచ్చని చెప్పింది. కొన్నేళ్లలోనే దేశమంతటా వేలాది ముందుగదులు పబ్‌లయ్యాయి. చరిత్రకారిణి ఈ సంగతిని తన పక్షాన వాడుకోబోయింది గాని, ఎదుటి పక్షం ఆ అవకాశం ఇవ్వలేదు.

ఆర్థికవేత్త: పల్లె పబ్‌ను రచ్చబండతో పోల్చడంలో ఒక తీపి ఉంది, ఆ తీపి కింద ఏముందో కూడా చెప్పాలి. ఇదే బ్లాక్ కంట్రీ గనుల్లో 'బటీ' అనే గుత్తేదారు ఉండేవాడు. గని యజమానికి టన్నుకింత అని ఒప్పుకుని కూలీలను పెట్టుకుని బొగ్గు తవ్వించేవాడు. ఆ బటీకే చాలాసార్లు ఒక పబ్ ఉండేది, లేదా ఒక పబ్‌తో పొత్తు ఉండేది. వారం కూలి అక్కడ కూర్చోబెట్టి పంచేవాడు. చిల్లర లేదని గంటలు గడిపేవాడు. ఆలోగా తాగిన బీరు ఖరీదు కూలిలోంచి కోసుకునేవాడు. తాగనివాడికి సోమవారం పని దొరకకపోవచ్చు. అందుకే 1842 గనుల చట్టం పబ్‌లో కూలి పంచడాన్ని నిషేధించవలసి వచ్చింది, 1883లో మరో చట్టం ఆ నిషేధాన్ని ఇతర కూలీలకూ విస్తరించింది. డిజ్రేలీ 1845 నాటి నవల 'సిబిల్'లో ఈ గుత్తేదారుల ఆగడాలు కనిపిస్తాయి. ఇంటి దగ్గర రొట్టె కోసం చూసే ఆడవాళ్లకు ఆ రచ్చబండ ఎలా కనిపించి ఉంటుందో ఆలోచించండి.

చరిత్రకారిణి: ఆలోచించవలసిందే. ఆ కథ చెప్పకుండా పబ్ చరిత్ర రాయడం అబద్ధం రాయడమే.

ఆర్థికవేత్త: ఇంకొకటీ ఉంది. ఆ ఇంటికి ఎంతో దూరం లేని స్మెథిక్ పట్టణంలో 1960లలో కొన్ని పబ్‌లు నల్లవారికి, భారతీయులకు బీరు పోసేవి కావు, లేదా వేరే గదిలో కూర్చోమనేవి. దానికి 'కలర్ బార్', అంటే రంగు అడ్డు, అని పేరు. కార్ఖానాలో పక్కపక్కనే నిలబడి ఇనుము పోతపోసినవాళ్లు సాయంత్రం ఒక కౌంటరు దగ్గర నిలబడే వీలు లేదు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నాయకుడు అవతార్ సింగ్ జౌహల్ వంటివారు పబ్ తర్వాత పబ్‌లోకి వెళ్లి, పోయమని అడిగి, నిరాకరించిన ప్రతిచోటా దాన్ని బయటపెట్టారు. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లవారి నాయకుడు మాల్కం ఎక్స్ ఆ పట్టణానికి వచ్చి ఆ అడ్డును కళ్లారా చూశాడు. ఆ ఏడాది చివరిలోనే బహిరంగ స్థలాల్లో జాతి వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. 'అందరి ఇల్లు' అన్న పేరు చాలాకాలం కొందరి విషయంలో అబద్ధం.

చరిత్రకారిణి: ఆ కథను మీరు సగంలో ఆపేశారు. ఏ కౌంటర్లు నిరాకరించాయో అటువంటి కౌంటర్లనే తర్వాతి దశాబ్దాలలో పంజాబీలు కౌలుకు తీసుకున్నారు, కొన్నారు. పాత గిరాకీ తగ్గి మూతపడబోయే పబ్‌లను 'దేశీ పబ్' అనే కొత్త పేరుతో నిలబెట్టారు. ఆ సీమ తెల్లవాడు సాయంత్రం అక్కడికి వెళ్లి ఒక చేతిలో పైంటూ, ముందు పెనం మీద చిటపటలాడుతూ వచ్చే మాంసపు ముక్కలూ పెట్టుకుని కూర్చోవడం ఇప్పుడు వింత కాదు. వెళ్లగొట్టిన గది వెళ్లగొట్టబడినవారి చేతికి రావడం కంటే పెద్ద చరిత్ర ఏముంటుంది? అయితే అది జరగడానికి ఒక షరతు ఉంది: ఆ రోజుకు గది నిలిచి ఉండాలి. 1965లో ఆ పబ్‌లను అన్యాయానికి శిక్షగా కూల్చి ఉంటే 1990లలో అవతార్ సింగ్ తరంవారు దేనిలోకి అడుగుపెట్టేవారు? గోడ తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అయితే గోడ లేనిచోట తర్వాతి మలుపు ఉండదు.

ఆర్థికవేత్త కొంతసేపు మౌనం వహించిన మాట నిజం. ఆయన ఆ తర్వాత సామాజిక చరిత్రను వదిలి తనకు పట్టున్న చోటికి, లెక్కల్లోకి, తిరిగి వచ్చాడు. ఆ మలుపులో ఆయన వాదం పదునెక్కింది.

ఆర్థికవేత్త: దేశీ పబ్‌లు ఇళ్ల మధ్య ఉన్నాయి; దుకాణం నుంచి, బస్సు స్టాపు నుంచి నడిచి చేరే చోట ఉన్నాయి. ఈ వంకర ఇల్లు ఉన్నది సన్నని దారి చివర, చుట్టూ ఇళ్లు లేని చోట. అటువంటి పబ్‌కు మనిషి కారులో రావాలి. 1967లో శ్వాసపరీక్ష పరికరంతో డ్రైవరు రక్తంలో మద్యం కొలిచే చట్టం వచ్చాక, కారులో వచ్చినవాడు రెండో గ్లాసు దగ్గర ఆగాలి. ఇప్పుడు పీపా లెక్క చూడండి. ఇంగ్లండు పబ్‌కు పేరు తెచ్చిన 'కాస్క్ ఏల్' అనే బీరు పీపాలో చేరాక కూడా పులుస్తూనే ఉంటుంది. నేలమాళిగలో చల్లగా నిలవుంచి, చేతి పంపుతో పైకి లాగి పోస్తారు. 'ఫర్కిన్' అనే చిన్న పీపాలో తొమ్మిది గ్యాలన్లు, అంటే 72 పైంట్లు పడతాయి. పీపాకు కన్నం పడిందంటే గాలి సోకుతుంది. మూడు రోజుల్లో అమ్ముడుకాకపోతే రుచి చెడుతుంది. అంటే ఒక్క రకం బీరు మంచిగా పోయాలన్నా రోజుకు 24 పైంట్లు పోవాలి. జనం తగ్గితే బీరు పుల్లబడుతుంది, బీరు పుల్లబడితే వచ్చే కొద్దిమందీ తగ్గుతారు. పల్లె పబ్ చావు చాలాసార్లు ఈ నేలమాళిగలో మొదలై ఆ తర్వాతే బ్యాంకు పుస్తకంలోకి ఎక్కుతుంది.

చరిత్రకారిణి: ఆ నేలమాళిగకు బాధ్యులు తాగేవారు మాత్రమే కాదు. 'టైడ్ హౌస్' అనే పద్ధతి ఒకటుంది. పబ్ భవనం బీరు కంపెనీది, కౌలుదారు ఆ కంపెనీ బీరే, అది చెప్పిన ధరకే కొనాలి. దాన్ని సడలించడానికి 1989లో 'బీర్ ఆర్డర్స్' పేరుతో ప్రభుత్వం ఉత్తర్వులు తెచ్చింది: రెండువేలకు మించి పబ్‌లున్న కంపెనీలు ఆ పైవాటిలో సగాన్ని ఈ కట్టు నుంచి విడిపించాలి. పెద్ద కంపెనీలు వేలాది పబ్‌లను అమ్మేస్తే, వాటిని కొన్నవి బీరు కాచని, అద్దెలూ ఆస్తి విలువలూ మాత్రమే చూసే 'పబ్‌కో'లు. ఈ వంకర ఇంటి కంపెనీ అంత పెద్దది కాదు గనుక ఆ ఉత్తర్వు దానికి తగల్లేదు. అయినా గాలి అటే వీచింది. వుల్వర్‌హాంప్టన్ కంపెనీ 1999లో మార్‌స్టన్స్‌ను కొని, 2007లో ఆ పేరే తాను పెట్టుకుంది. 2020లో బీరు కాచే పనిని కార్ల్స్‌బర్గ్‌తో ఉమ్మడి సంస్థలోకి తోసి, 2024లో అందులో తన వాటా కూడా అమ్ముకుంది. 1940లలో ఇనుప దూలాలు పెట్టించింది తన బీరు పోయడానికి చోటు కావలసిన కంపెనీ. 2023లో అమ్మింది ఆస్తుల జాబితాలో ఒక వరుసను కొట్టేసిన కంపెనీ. ఆ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం కష్టం.

ఆర్థికవేత్త: ఆస్తి యజమాని లెక్క చూసుకోవడం నేరం కాదు. పైగా దేశం మొత్తం మీద చూస్తే మీ విలాపం అంత సూటిగా నిలవదు. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం 2018లో చూపిన లెక్క ప్రకారం 2008లో సుమారు 50 వేలుండిన పబ్‌లు పదేళ్లలో 39 వేలకు దిగాయి. అయితే పబ్‌లలో ఉద్యోగాలు మాత్రం తగ్గలేదు. చిన్నవి పోయాయి, పెద్దవి పెరిగాయి, తాగడం కంటే భోజనం ప్రధానమైంది. జనం పబ్‌ను వదల్లేదు. ఈ రకం పబ్‌ను వదిలారు. ఆదర్శ పబ్ అన్నది పూర్వం కూడా ఎంత ఉండేదో అనుమానమే. జార్జ్ ఆర్వెల్ 1946లో 'ది మూన్ అండర్ వాటర్' పేరుతో తనకు నచ్చిన పబ్ గుణాలన్నీ ఒక వ్యాసంలో ఏకరువు పెట్టి, చివరికి అటువంటిది లేనే లేదని ఒప్పుకున్నాడు. ఆనక ఒక పెద్ద గొలుసు కంపెనీ అదే పేరు తన పబ్‌లలో కొన్నింటికి పెట్టుకుంది.

చరిత్రకారిణి: లేని పబ్ గురించి ఆర్వెల్ రాశాడు, ఉన్న పబ్ గురించి హడ్స్‌వెల్ చెబుతుంది. ఉత్తర యార్క్‌షైర్‌లో స్వేల్ నదికి ఎగువన ఉన్న ఆ చిన్న ఊళ్లో 'జార్జ్ అండ్ డ్రాగన్' అనే ఒకే ఒక్క పబ్ 2008లో మూతపడింది. ఊరివాళ్లు వాటాలు వేసుకుని సంఘం కట్టి 2010లో దాన్ని కొన్నారు. ఒక మూలన చిన్న దుకాణం, ఒక గూట్లో గ్రంథాలయం, వెనక కూరగాయల మళ్లు పెట్టుకున్నారు. 2016లో దేశంలోకెల్లా ఉత్తమ పబ్‌గా 'కామ్రా', అంటే సంప్రదాయ బీరు కోసం 1971లో పుట్టిన వినియోగదారుల ఉద్యమం, దాన్నే ఎంపిక చేసింది. మీ 72 పైంట్ల లెక్క అక్కడా వర్తిస్తుంది. పీపా పుల్లబడకుండా చూసుకోవలసిన బాధ్యత వాటాదారులదే గనుక వాళ్లే వచ్చి తాగుతున్నారు.

ఆర్థికవేత్త: హడ్స్‌వెల్‌లో ఊరుంది, ఊరికి డబ్బు పెట్టే మనసుంది. ఇక్కడ వాటా వేసేది ఎవరు? 2011 స్థానికత చట్టం ఇటువంటి ఇళ్లను సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయించుకునే వీలు ఇచ్చింది. నమోదయితే, అమ్మకం సమయంలో ఊరివాళ్లు డబ్బు కూడగట్టుకోవడానికి ఆరు నెలల గడువు దొరుకుతుంది. అంతే, డబ్బు దొరకదు, మొదట కొనే హక్కూ దొరకదు. ఇక్కడ ఆ అమ్మకం గడువు కోసం ఆగలేదు. ఇల్లు పోయాక కన్నీళ్లు పెట్టిన వేలమందిలో అంతకుముందు ఏడాది ఆ దారి చివరిదాకా ఎన్నిసార్లు వచ్చారని లెక్క తీస్తే చాలామంది తల దించుకోవాలి.

ఈ చివరి వాక్యంలోని కోపం న్యాయమైనదే. పోయినదానికి పూలదండ వేసేవారు ఉన్నప్పుడు గ్లాసు ఎత్తలేదన్న సంగతి ఒక్క ఇంగ్లండు పల్లెకే పరిమితం కాదు. అయినా అది నోటీసుకు జవాబు కాదని చరిత్రకారిణి పట్టుకున్న తీరు సరైనదే.

చరిత్రకారిణి: రానివారి తప్పు కూల్చినవారి హక్కు కాదు. ఇంగ్లండులో 2017 నుంచి పబ్‌ను కూల్చాలన్నా, మరొకటిగా మార్చాలన్నా ప్లానింగ్ అనుమతి తప్పనిసరి. మంటల తర్వాత పై అంతస్తులోని కొన్ని భాగాలను భద్రత కోసం తీసేయడానికే ఒప్పుకున్నామని, ఇల్లంతా కూల్చడానికి కాదని కౌన్సిల్ ప్రకటించింది. ఆ ఇల్లు జాతీయ వారసత్వ జాబితాలో లేకపోయినా ఈ నియమం దానికీ వర్తిస్తుంది. అనుమతి లేని కూల్చివేతకు జరిమానా వేసి వదిలేస్తే, ఖాళీ అయిన నేల విలువలో ఆ జరిమానా ఒక చిన్న ఖర్చుగా కలిసిపోతుంది. తిరిగి కట్టాలనే ఉత్తర్వు ఒక్కటే ఆ లెక్కను చెడగొడుతుంది. లండన్‌లోని మైదావేల్‌లో 1920ల నాటి 'కార్ల్‌టన్ టావెర్న్' 2015లో అనుమతి లేకుండా కూలితే, వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ పట్టుబట్టి తిరిగి కట్టించింది. 2021లో అది మళ్లీ తెరుచుకుంది, పంపు కింద గ్లాసులు నిండుతున్నాయి. మీరు గిరాకీ లేదంటున్నారు; అక్కడా కూల్చినవారికి ఆ నేల మీద పబ్ అక్కరలేకపోయింది.

ఆర్థికవేత్త: లండన్ నడివీధి నేల వేరు, హిమ్లీ దారి చివరి నేల వేరు. సరే, గిరాకీ మాట పక్కన పెడదాం. మీ వృత్తి ప్రశ్న ఒకటి అడగాలి. కార్ల్‌టన్ టావెర్న్ గోడలు నిటారు గోడలు. మేస్త్రి దారానికి గుండు కట్టి వదిలి, రసమట్టం పెట్టి, వరుస మీద వరుస పేర్చుకుపోయాడు. ఇక్కడ పూర్వరూపం అంటే నాలుగడుగుల ఒరుగు. నేల దశాబ్దాల పాటు కుంగి, ఒక్కో గదిని ఒక్కో తీరున లాగి, చేసిపెట్టిన ఒరుగును మేస్త్రి ఇప్పుడు ఏ మట్టంతో కొలిచి పేరుస్తాడు? ఇటుక వరుస మొదటినుంచే వంకరగా వెయ్యాలా, నిటారుగా కట్టి పునాదిని ఒక పక్క దించాలా? నేటి భవన నియమాలు అడిగే భద్రతకు లోపల ఇనుప చట్రం పెట్టితీరాలి. అప్పుడు ఆ ఇటుక గోడ మోసేది ఏమీ ఉండదు. అది గోడ వేషం వేసుకున్న తెర.

చరిత్రకారిణి: 1940ల తర్వాత కూడా చాలా బరువు మోసింది ఇనుమే, ఇటుక దాని పక్కన నిలబడింది; కాబట్టి ఆ మాటతో మీరే ఇందాకటి వాదానికి తిరిగి వెళ్తున్నారు. శిథిలాల్లోంచి ఏరి దాచిన పాత ఇటుకలు వేలల్లో ఉన్నాయి. ఆ ఇంటి ఫోటోలు పుట్టిన ప్రతి కెమెరాలోనూ ఉన్నాయి. ఫోటో నుంచి కోణం తీయడం ఇంజనీర్లకు తెలిసిన విద్యే. మీరు అడిగిన మట్టం సంగతికి వస్తే, కిటికీ అరుగు ఎంత పల్లం, దాని వెనకున్న గోడ ఎంత ఒరుగు, ఆ రెండింటి మధ్య తేడా ఒక్క వేలెడు తప్పినా కన్ను మోసపోదు, గోళీ అందరి కళ్లముందూ మామూలుగా కిందికి దొర్లుతుంది. అందుచేత పని ఒప్పగించుకునే రోజున కౌన్సిల్ మనిషి రసమట్టంతో వస్తే సరిపోదు. జేబులో ఒక గోళీ వేసుకుని రావాలి.

ఆర్థికవేత్త: గోళీ ఎత్తుకు దొర్లిందనే అనుకుందాం, ఆ మధ్యాహ్నం అతనికి ఒక పైంట్ ఎవరు పోస్తారు?

చరిత్రకారిణి: ముందు అరుగు కట్టనివ్వండి.